వదిన నేర్పిన ఇంగ్లీషు

లిఫ్టు మోటారు గది,
ఆసుపత్రి మేడ మీద నుంచి
జనవరి 9

వదిన గారికి మీ మరిది నమస్కారాలు.

మీరూ అన్నయ్యా కులాసాగా ఉన్నారని తలుస్తాను. మోటారు పక్కన కూర్చుని రాస్తున్నాను కాబట్టి అక్షరాలు వణికితే నా ఆరోగ్యాన్ని అనుమానించకండి.

అసలు సంగతికి వస్తాను. ఇరవై ఆరేళ్లుగా లిఫ్టులు బాగుచేస్తున్నాను. చప్పుడు విని ఏ బోల్టు వదులైందో చెప్పగలను. కానీ మా ఆసుపత్రికి కొత్తగా వచ్చిన పెద్ద ఇంజనీరు గారికి మన భాష ఒక్క ముక్క రాదు. అంతా ఇంగ్లీషే. నేను చెప్పింది ఆయనకూ ఆయన చెప్పింది నాకూ మా ఫోర్‌మన్ చేరవేస్తాడు. స్ట్రెచర్లు ఎక్కించే పెద్ద లిఫ్టుకి బ్రేకు అరిగిపోతోందని మొన్న ఫోర్‌మన్‌ని పక్కన పెట్టుకుని పావుగంట సేపు వివరించాను. అతను దాన్ని నాలుగు మాటల్లో తేల్చేశాడు. ఇంజనీరు గారు నవ్వి, నా భుజం తట్టి వెళ్లిపోయారు. బ్రేకు అరిగిందంటే భుజం తట్టే మనిషిని నా సర్వీసులో చూడలేదు వదినా.

అందుకే నేనే నేర్చుకోవాలని నిర్ణయించుకున్నాను. మా ఆవిడ, "ఈ వయసులో మీకు ఇంగ్లీషెందుకండీ, మీ తెలుగే నేను సగం వినను" అంటోంది. అననివ్వండి. మన కుటుంబంలో ఇంగ్లీషు అంటే మీరే కదా. ఇరవై రెండేళ్లుగా ప్రెస్సులో ఇంగ్లీషు పుస్తకాలకు ప్రూఫులు దిద్దుతున్నారు. ఇంట్లో ఎవరికి దరఖాస్తు కావాలన్నా మీ చేతి మీదుగానే పోతుంది. రోజూ సాయంత్రం పావుగంట ఫోన్లో నాతో ఇంగ్లీషులో మాట్లాడండి చాలు. మిగతాది నేను చూసుకుంటాను.

మీ మరిది

*

ప్రూఫుల గది,
ప్రెస్సు నుంచి
జనవరి 17

మరిదికి ఆశీస్సులు.

నీ ఉత్తరంలో పదకొండు తప్పులున్నాయి. తెలుగులోనే. ఎర్ర సిరాతో దిద్ది దీనితోపాటు పంపుతున్నాను, చూసుకో.

నేర్చుకోవాలన్న నీ పట్టుదల నాకు నచ్చింది. అయితే ఫోన్ వద్దు. ఫోన్లో చెప్పిన పాఠం ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావు. కాగితం మీద ఉంటే పదిసార్లు చదువుకుంటావు. పైగా సాయంత్రం పూట నాకు గొంతు పట్టేస్తుంది. కాబట్టి ఉత్తరాల్లోనే నేర్పుతాను. నాకు సమ్మతమైన పద్ధతి ఇదొక్కటే.

మొదటి పాఠం. సామాన్యమైన మాటలు నీకు ఎలాగూ వచ్చు. పెద్దవాళ్ల ముందు నిలబడాలంటే బరువైన మాటలు కావాలి. ఈ మూడూ కంఠతా పట్టు. థొరౌగ్ అంటే క్షుణ్ణంగా. ఫాటిగ్యూ అంటే అలసట, ఇనుముకు కూడా వాడతారు. చావోస్ అంటే గందరగోళం. పలికేటప్పుడు నదురూ బెదురూ ఉండకూడదు. తప్పైనా సరే, గట్టిగా పలికితే ఎదుటివాడు తనకే రాదనుకుంటాడు.

ఎదుటి మనిషి దొరికితే చాలు, సాధన చెయ్యి. సిగ్గుపడకు. సిగ్గే అసలు శత్రువు.

మీ అన్నయ్య కులాసా. నాకు శిష్యుడు దొరికాడని వీధంతా చెప్పుకుంటున్నారు.

వదిన

*

మోటారు గది
ఫిబ్రవరి 3

గురువు గారైన వదిన గారికి,

మీరు చెప్పినట్టే సాధన మొదలుపెట్టాను. మనుషుల కోసం వెతుక్కోనక్కర్లేదని రెండో రోజే తెలిసింది. నేను పనిచేసేది లిఫ్టులో. తలుపు మూసుకుందంటే నాలుగు అంతస్తుల దాకా ఎవరూ ఎక్కడికీ పోలేరు. పరీక్ష చేస్తున్నట్టు సుత్తి చేత్తో పట్టుకుని ఒక మూల నిలబడతాను. ఎక్కినవాళ్లను "గుడ్ మార్నింగ్, వేర్ ఆర్ యూ గోయింగ్?" అని పలకరిస్తాను. చాలామంది పైకి అని వేలు చూపిస్తారు. కొందరు నా సుత్తి చూసి మొదటి అంతస్తులోనే దిగి మెట్లెక్కుతున్నారు.

నిన్న ఒక చిక్కు వచ్చిపడింది. ఆపరేషన్‌కు వెళ్లే పెద్దాయన్ను స్ట్రెచర్ మీద తీసుకొచ్చారు. వెంట వాళ్ల మనుషులు ఆరుగురు. తోసుకుంటూ ఎక్కబోతుంటే నేను ధైర్యం చేసి, మీరు చెప్పినట్టు నదురూ బెదురూ లేకుండా, "నో చావోస్ ప్లీజ్, నో చావోస్" అన్నాను. ఆపరేషన్‌కు పోతున్న మనిషి తలదగ్గర నిలబడి చావు మాట ఎత్తుతావా అని ఆయన కూతురు నా మీదకు వచ్చింది. పెద్దాయనేమో లేచి కూర్చుని, "నేను ఇంటికి పోతాను" అని ఒకటే పట్టు. అందరికీ సర్దిచెప్పేసరికి లిఫ్టు పైకీ కిందకీ మూడుసార్లు తిరిగింది. ఆపరేషన్ బాగా జరిగిందట, అంతవరకు నయం.

స్ట్రెచర్ వెంట వచ్చిన వార్డు నర్సమ్మ నన్ను పక్కకు పిలిచి, ఆ మాటను కేయాస్ అని పలకాలంది. మిగతా రెండూ పలికి చూపిస్తే, థొరౌగ్ కాదట, థరో అట. ఫాటిగ్యూ కాదట, ఫటీగ్ అట. ఆవిడ తెలియక చెబుతోందా, లేక ఊరికో రకం ఇంగ్లీషు ఉంటుందా? మీరే తేల్చాలి.

మీ శిష్యుడు

*

ప్రూఫుల గది
ఫిబ్రవరి 12

మరిదికి,

నర్సులు సూదులు వేస్తే చాలు, పాఠాలు చెప్పనక్కర్లేదు.

ఒక మాటకు రెండు పలుకుబళ్లు ఉండడం అన్ని భాషల్లోనూ ఉన్నదే. నేను చెప్పింది పాత పద్ధతి, గ్రంథ సంప్రదాయం. అక్షరం రాసి పెట్టింది పలకడానికే కదా. పలకనవసరం లేకపోతే అక్కడ ఎందుకు కూర్చుంది? ఇందులో వాదన అనవసరం.

అయినా నీకు చిన్నచిన్న మాటలతో ప్రయోజనం లేదు. పెద్ద ఇంజనీరు ముందు చెప్పడానికి ఒక పూర్తి వాక్యం తయారుచేసి పంపుతున్నాను. దీన్ని మూడు రోజులు అద్దం ముందు వల్లించు. "రెస్పెక్టెడ్ సర్, ఐ హంబ్లీ బెగ్ టు స్టేట్ దట్ ది బ్రేక్ ఈజ్ సఫరింగ్ ఫ్రమ్ ఫాటిగ్యూ అండ్ ఐ షల్ బి గ్రేట్‌ఫుల్ ఫర్ యువర్ కైండ్ కన్సిడరేషన్." ఇందులో వ్యాకరణ దోషం పట్టుకోగలిగిన మొనగాడు మీ ఆసుపత్రిలో ఉంటే నాకు చెప్పు.

ఈమధ్య పని ఎక్కువగా ఉంది. జవాబు ఆలస్యమైతే ఏమీ అనుకోకు.

వదిన

*

మోటారు గది
మార్చి 1

వదినా,

మీ వాక్యం చెప్పాను. అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. చేతులు కట్టుకుని, ఇంజనీరు గారి గది గుమ్మంలో నిలబడి, ఊపిరి తీసుకోకుండా చెప్పాను. ఆయన చాలా శ్రద్ధగా విన్నారు. జాలిగా చూశారు. కాగితం తీసుకుని ఏదో రాసి, సంతకం చేసి ఇచ్చారు.

నాకు మూడు రోజులు సెలవు మంజూరైంది.

ఆ వాక్యం వినడానికి అచ్చం సెలవు చీటీలాగే ఉంటుందట. అందులో ఫాటిగ్యూ అంటే నేను అలసిపోయానని అర్థం చేసుకున్నారట. బ్రేకు అన్నది విశ్రాంతి అనుకున్నారట. ఇదంతా తర్వాత నర్సమ్మ కాగితం చదివి చెబితే తెలిసింది. మూడు రోజులు ఇంట్లో కూర్చుంటే మా ఆవిడ అటక మీది సామానంతా దింపించింది.

నవ్వులాటకు చెప్పడం లేదు. ఆ లిఫ్టు ఇప్పుడు అంతస్తుకు రెండు వేళ్లు కిందకు జారి ఆగుతోంది. స్ట్రెచర్ చక్రం గడప దగ్గర తట్టుకుంటోంది. ఫోర్‌మన్ చేత మళ్లీ చెప్పించాను. ఇంజనీరు గారు మళ్లీ భుజం తట్టారు.

కాబట్టి ఒక్క సాయం చేయండి. ఈ పదకొండో తేదీ ఉదయం పదింటికి నేను ఇంజనీరు గారి గదిలో నిలబడి మీకు ఫోన్ చేస్తాను. ఫోన్ ఆయన చేతికిస్తాను. బ్రేకులో పట్టునిచ్చే పొర, లైనింగ్ అంటాం, పూర్తిగా అరిగిపోయింది, వెంటనే మార్చాలి, మార్చేదాకా లిఫ్టు ఆపాలి అని ఆయనకు ఇంగ్లీషులో చెప్పండి. మీకు రెండు నిమిషాల పని. ఇంకెవరిని అడగను చెప్పండి?

మీ మరిది

*

ఇంటి నుంచి
మార్చి 8

మరిదికి,

పన్ను పీకించుకున్నాను. నోరు తెరవకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. పదకొండున ఫోన్ చేయవద్దు.

నువ్వే నెమ్మదిగా చెప్పిచూడు.

వదిన

*

మోటారు గది
మార్చి 20

వదిన గారికి,

మీ పన్ను నొప్పి తగ్గిందనుకుంటాను. అన్నయ్యకు ఫోన్ చేస్తే పన్ను సంగతి తనకు తెలియదన్నాడు. మీరు చెప్పి ఉండరులెండి.

నిన్న ఉదయం లిఫ్టు జారింది. లోపల ఊడ్చే ఆవిడ ఒక్కతే ఉంది. మూడో అంతస్తులో ఆగాల్సింది ఆగకుండా సగం అంతస్తు కిందకు వచ్చి నిలిచింది. ఆవిడకు దెబ్బ తగల్లేదు. తలుపు తీసి, చేయి అందించి పైకి లాగాను. బయటికొచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. "ఇందులో స్ట్రెచర్ ఉండుంటే ఏమయ్యేదయ్యా?" అంది. ఈ ఉత్తరంలో అక్షరాలు వణికాయి. ఈసారి మోటారు వల్ల కాదు.

స్విచ్చి తీసేసి బోర్డు పెట్టాను. ఇంజనీరు గారు ఊళ్లో లేరు, ఏప్రిల్ రెండున వస్తారు. "ఆయన వచ్చేదాకా ఆపుదాం, వచ్చాక ఆయన ఏమంటే అదే" అన్నాడు ఫోర్‌మన్. ఆయనకు ఎవరు చెప్పాలో, ఎలా చెప్పాలో నాకు తోచడం లేదు. మీకు వీలు కాకపోతే ఫరవాలేదు. పెద్దవారు, మీ ఇబ్బందులు మీకుంటాయి.

మీ మరిది

*

ప్రెస్సులో కాగితాల గది నుంచి
మార్చి 25

నాయనా,

ఈ ఉత్తరం ఐదుసార్లు రాసి చించేశాను. ఇది ఆరోది. తప్పులుంటే ఉండనీ.

నా పళ్లన్నీ ఉన్నాయి. గొంతు కూడా బాగానే ఉంది. నాకు ఇంగ్లీషు మాట్లాడడం రాదు.

కంటికి వచ్చు, చేతికి వచ్చు, నోటికి రాదు. ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో యజమాని నన్ను పిలిచి, నలుగురు పెద్దమనుషుల ముందు ఒక పేజీ పైకి చదవమన్నారు. అందులో ద్వీపానికి ఇంగ్లీషు మాట ఉంది. నేను ఉన్న అక్షరాలన్నీ పలికి ఇస్లాండ్ అన్నాను. ఒకాయన టీ కప్పు కింద పెట్టి మరీ నవ్వాడు. ఆ పేజీలో అచ్చుతప్పులు తొమ్మిది నేను పట్టుకున్నాను, అవి ఎవరూ అడగలేదు. ఆ రోజు నోరు మూశాను. నోరు మూసుకుంటే తప్పు దొర్లదు. కానీ దిద్దేవాళ్లు కూడా ఉండరని నాకు తట్టలేదు. ఇరవై రెండేళ్లపాటు ప్రతి మాటనూ నాకు నచ్చినట్టు మనసులో పలుకుకుంటూ వచ్చాను. అవే నీకు నేర్పాను. నీ నర్సమ్మ చెప్పినవన్నీ నిజం. ఆవిడకు నా క్షమాపణలు చెప్పు.

పుస్తకాలు రాసినవాళ్లు అప్పుడప్పుడు ప్రెస్సుకు వస్తారు, ప్రూఫులు దిద్దినావిడ ఎవరు, కలుస్తాం అంటారు. నేను వెంటనే ఈ కాగితాల గదిలోకి వచ్చి రీముల వెనక కూర్చుంటాను. ఇప్పుడు అక్కడి నుంచే రాస్తున్నాను. ఇక్కడ నాకొక స్టూలు కూడా ఉంది. మీ అన్నయ్యకు ఇవేవీ తెలియవు. తన భార్య ఇంగ్లీషు దొరసాని అని అందరికీ చెప్పుకునే మనిషికి ఏమని చెప్పను?

నీకు సిగ్గే శత్రువని రాశాను. ఆ శత్రువును ఇంట్లో పెట్టుకుని పెంచింది నేను. ఆ లిఫ్టులో ఆవిడకు ఏమైనా అయి ఉంటే నా పన్ను అబద్ధం నన్ను జీవితాంతం తినేసేది.

నా వాక్యాలు పారేయి. ఆయన ముందు నీకు వచ్చిన మాటలే చెప్పు. మాట అందకపోతే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చూపించు. నీకు బ్రేకు సంగతి తెలుసు. నాకు వ్యాకరణం ఒక్కటే తెలుసు.

నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు.

వదిన

*

మోటారు గది
ఏప్రిల్ 5

మా వదినమ్మకు,

తిట్టడానికి తీరిక లేదు. జరిగింది వినండి.

రెండో తేదీ ఉదయం ఇంజనీరు గారు వచ్చీరాగానే, స్ట్రెచర్ లిఫ్టు ఎందుకు ఆగిందని అడిగారు. ఫోర్‌మన్ ముందుకొచ్చి, "ఎవ్రీథింగ్ ఓకే సర్, నో ప్రాబ్లం సర్" అన్నాడు. అయితే నడపండి అన్నట్టు ఇంజనీరు గారు చెయ్యి ఊపారు. నేను వెళ్లి లిఫ్టు తలుపుకు అడ్డంగా నిలబడ్డాను. మీ ఉత్తరం జేబులో ఉంది.

"సర్, ప్రాబ్లం. బ్రేక్ టయర్డ్" అన్నాను.

"టయర్డ్?" అన్నారాయన.

"యస్ సర్. ఐ ఆల్సో టయర్డ్. బట్ ఐ స్టాండ్. బ్రేక్ నో స్టాండ్. లిఫ్ట్ గో డౌన్, పేషంట్ గో డౌన్."

గోడౌన్ అనుకుంటారేమోనని అరచెయ్యి పైనుంచి కిందకు జార్చి చూపించాను. ఊడ్చే ఆవిడ చీపురు పక్కన పడేసి వచ్చి, నా చెయ్యి సరిపోలేదన్నట్టు తను నేల మీద కూలబడి మరీ చూపించింది. ఆయన ముఖంలో నవ్వు పోయింది. "కమ్ సర్, యూ సీ" అని నేను మెట్ల వైపు నడిచాను. పాపం, భారీ మనిషి. నాలుగు అంతస్తులూ ఆయాసపడుతూ ఎక్కారు. మోటారు గదిలో బ్రేకు విప్పి చూపించాను. లైనింగ్ ఉండాల్సిన చోట ఆయన వేలు పెట్టి చూశారు. వేలికి ఇనుమే తగిలింది. తర్వాత చాలాసేపు ఏదో అన్నారు. అందులో నాకు రెండే మాటలు అర్థమయ్యాయి, స్టాప్, సారీ. అవి చాలు. కొత్త లైనింగ్ వచ్చేదాకా లిఫ్టు కదలదు. ఆయన స్వయంగా తాళం వేసి, తాళంచెవి నా చేతికిచ్చారు.

ఫోర్‌మన్ మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. ఇన్నాళ్లూ నా మాట ఎందుకు మింగావని నిలదీశాను. అతను తల వంచుకుని, "నేనేం మింగలేదు. నాకు వచ్చింది ఆ రెండు ముక్కలే. నువ్వు ఏం చెప్పినా అవే చెప్పేవాణ్ణి. వాటితోనే ఫోర్‌మన్ అయ్యాను" అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఈ విషయం ఇంజనీరు గారికి తనే చెప్పుకున్నాడు, మధ్యలో నర్సమ్మ నిలబడింది. వచ్చే ఏడాది అతనికి పదోన్నతి లేదన్నారట. ఇప్పుడు మధ్యాహ్నం టీ వేళ నేనూ అతనూ ఊడ్చే ఆవిడా కలిసి నర్సమ్మ దగ్గర కూర్చుంటున్నాం. ఫోర్‌మన్ నాకంటే మొద్దు. ఊడ్చే ఆవిడ మా ఇద్దరికంటే చురుకు.

వదినా, ఒక మాట చెబుతాను. పెద్దమనుషులు నవ్విన రోజు మీరు పట్టిన తొమ్మిది తప్పులు నాకు పంపండి, నేను అడుగుతున్నాను. ఈసారి ఎవరైనా మిమ్మల్ని కలవడానికి వస్తే ఆ స్టూలు మీద కూర్చోకండి. నా ఇంగ్లీషు విన్నాక కూడా మనుషులు నాలుగు అంతస్తులు ఎక్కారు. మీది అంతకంటే నయమే.

మీ మరిది

*

ప్రూఫుల గది
మే 14

మరిదికి ఆశీస్సులు.

నువ్వు చెప్పినంత సులువు కాదు. అయినా విను.

నిన్న మధ్యాహ్నం ఒక పెద్దావిడ వచ్చింది. తన జీవితం గురించి, తన తోట గురించి ఇంగ్లీషులో పుస్తకం రాసింది. ఆ ప్రూఫులు నేనే దిద్దుతున్నాను. ఆవిడకు మన భాష రాదు. దిద్దినావిడతో మాట్లాడాలని పట్టుబట్టిందని యజమాని కబురు పంపారు. అలవాటు కొద్దీ లేచి కాగితాల గది దాకా వెళ్లాను. తలుపు మీద చెయ్యి వేశాను. నువ్వు తలుపుకు అడ్డంగా నిలబడ్డావని గుర్తొచ్చి వెనక్కి తిరిగాను.

ఆవిడ చేతిలో నేను ఎర్ర సిరాతో ప్రశ్న రాసిన పేజీ ఉంది. ముప్పై ఎనిమిదో పేజీలో ఆవిడ భర్త చనిపోతారు. నలభై ఒకటో పేజీలో ఆయనే మొక్కలకు నీళ్లు పోస్తుంటారు. అది ఎత్తి చూపడం నా వృత్తి. ఆవిడ ఆ పేజీ నా ముందు పెట్టి, నా వైపు చూస్తోంది.

"మేడం" అన్నాను. పేజీ మీద వేలు పెట్టాను. "హస్బెండ్ డెడ్, పేజ్ థర్టీ ఎయిట్. పేజ్ ఫార్టీ వన్, హి వాటర్ ప్లాంట్స్. మిస్టేక్?"

ఒక్క క్రియ కూడా సరిగ్గా పడలేదు. నా చెవులకే తెలిసింది. ఆవిడ మాత్రం నవ్వలేదు. పేజీని తన వైపు తిప్పుకుని, "నో మిస్టేక్" అంది. ఆవిడ తోటలో ఆయన ఇంకా ఉన్నారని నాకు అర్థమైంది. అర్థమైందని ఆవిడకు చెప్పాలి, ఆ వాక్యాన్ని అలాగే వదిలేస్తానని చెప్పాలి. గబగబా, "ఓకే మేడం. ఐ లీవ్ హిమ్" అన్నాను.

ఆవిడ ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత ఇక నవ్వడం మొదలుపెట్టింది. నేను ఆయన్ని విడిచిపెట్టి పోతున్నానని ఆ మాటకు అర్థం వస్తుందని నాకు అప్పుడు తట్టింది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, నా చెయ్యి పట్టుకుంది. నన్ను చూసి ఒకరు నవ్వుతుంటే నేను కూడా నవ్వడం నాకు ఇదే మొదలు. "నో, నో" అంది. "కీప్ హిమ్."

ఇంటికి వచ్చి మీ అన్నయ్యకు అంతా చెప్పేశాను, ఇరవై రెండేళ్లదీ. "మరి ఇన్నాళ్లూ నేను ఊరంతా చెప్పుకున్నదీ?" అన్నారు. అబద్ధమే అన్నాను. ఆలోచించి, "సరే, ఇప్పుడు నాకు కూడా నేర్పు, ఇద్దరం కలిసి నిజం చేద్దాం" అన్నారు. నర్సమ్మకు ఇంకో ఇద్దరు శిష్యులను చేర్చుకునే ఓపిక ఉందేమో అడుగు. ఫోన్లోనే.

ఈ ఉదయం ఆ ప్రూఫు తీసి, నలభై ఒకటో పేజీలో నేను పెట్టిన ఎర్ర గుర్తు కొట్టేశాను. ఇన్నేళ్లలో తెలిసి తెలిసి ఒక తప్పును అచ్చుకు పంపడం ఇదే. ఆయన్ని అక్కడే ఉంచాను. మొక్కలకు నీళ్లు పోస్తున్నారు.

వదిన